పైట కింద తెచ్చిన గంజి

బుడ్డీ, నా బిడ్డా, నువ్వు పోయి పన్నెండు దినాలాయ.

నా ఒక్కగానొక్క కూతురు, పదిహేడేండ్ల పిల్ల, జొరం తగిలిన మూడోనాడు ఈ కరువు క్యాంపు గుడిసెలోనే కన్ను మూసింది. డాక్టరు చెయ్యి పట్టి చూసి, ఒంట్లో బలమనేది లేదమ్మా, జొరానికి తట్టుకోలేకపోయింది అన్నాడు. ఆ బలం యాడికి పోయిందో నాకు తెలుసు. అప్పటినుంచి ఒక్కదాన్నే ఎట్ల బతకల్లనే భయం నన్ను వదల్లేదు.

మాది కోసిగి పక్క పల్లె. వానల్లేక బావి ఎండె, ఎద్దులు పాయ. మా ఇంటాయన అంతకు ముందే పోయినాడు. సర్కారోళ్లు రోడ్డు పని పెట్టి, గుడిసెలు వేయించి, గంజి పోస్తాండారని విని అమ్మా కూతురూ నడిచి వచ్చినాము. గుమాస్తా పుస్తకం తెరిచి పేర్లు అడిగినాడు. బిడ్డ తన పేరు చెప్పింది. నేను చెప్పలేదు. కల్లం కాడ పదిమందికి సంగటి పెట్టిన ఇల్లు మాది. ఆ పదిమందీ అదే వరసలో కూచోనుండారు. వాళ్ల పక్కన చెంబు పట్టుకోని కూచునేకి ప్రాణం ఒప్పలేదు. పిల్లకు సంబంధాలు రావేమోనని భయం గూడా.

గంజి ఆడనే తాగల్ల, గుడిసెకు తీస్కపోగూడదు. పట్టుబడితే పేరు కొట్టేస్తారని అందరూ అనేవాళ్లు. నా బిడ్డ పోసేవాళ్ల ముందర రెండు గుక్కలు తాగి, మిగిలింది పైట కింద పెట్టుకోని తెచ్చేది. నేను తడిక సందులోంచి దోవ చూస్తా ఉంటి. అడుగుల సప్పుడైతే మూలకు జరిగేదాన్ని. వచ్చేది బిడ్డో, బంట్రోతో.

వచ్చి నగేది. "పెద్దింటి కోడలా, మొగం కడుక్కో, విందు వచ్చింది" అనేది. గంజిలో ఉప్పు ఎక్కువేసుకో, కడుపు ఇంకో పూట ఓర్చుకుంటాది అని చెప్పేది. నువ్వు తాగినావా అంటే, ఆడనే తాగినా, చూడు అని పొట్ట ఉబ్బించి చూపేది. మణికట్టు కాడ ఉండాల్సిన గాజులు మోచేతి దాకా జారుతాండ్య. చూసినా. అడగలేదు. అడిగితే నిజం చెప్తాదేమోనని భయం. చెప్తే నేను పోయి వరసలో కూచోవాల గదా.

పక్క గుడిసె సాయిబుల అవ్వ ఒకనాడు మొగం మీదనే అడిగింది. "ఏమ్మా, నీ మానం కోసరం నీ బిడ్డ కడుపు మాడుస్తాండావా?" నేను ఆమెతో మూడు దినాలు మాట్లాడలేదు.

ఇంకొకనాడు బిడ్డ గుమాస్తాకు దొరికిపోయింది. పైట కింద ఏముండాదని ఆయన అడిగితే, చెంబు చూపిచ్చి, మా అమ్మకు అనిందంట. పేరు కొట్టేసినారనుకుంటి. ఆయన కొట్టెయ్యలేదు. అమ్మను పిల్చుకోని రా పాపా, పేరు రాస్తా, వానలు పడి ఊర్లకు పంపేటప్పుడు విత్తనాలు గూడా పేరుండేవాళ్లకే అన్నాడంట. ఆ పుణ్యాత్మునికి నా దండాలు.

బిడ్డ నా చెయ్యి పట్టుకున్నాది. "రామ్మా, నేను పక్కనే కూచుంటా. ఎవరన్నా చూస్తే నువ్వు నా మొగం చూడు."

రేపు పోదాంలే అంటి. మర్నాడు గూడా అదే మాట అంటి. అట్ల పదైదు దినాలు జరిపితి. అంతలో జొరం వచ్చె.

పదకొండు దినాలు పక్క గుడిసెలోళ్లు పెట్టింది తిని, నిన్న పోయి పేరు రాపిచ్చుకుంటి. ఎంతమంది అని గుమాస్తా తలెత్తకుండా అడిగినాడు. ఒక్కదాన్నే అంటి. సాయిబుల అవ్వ జరిగి చోటిచ్చింది. మా ఊరాయన ఒకడు నన్ను చూసి, కాలుతాంటాది, నిదానంగా తాగమ్మా అన్నాడు. అంతే. నేను చెంబు ఎత్తి తాగితి.

నిన్న సాయంత్రం ఆదోని దిక్కున మబ్బు పట్టింది. క్యాంపులో అందరూ గుడిసెల బయటికొచ్చి నిలబడి చూసినారు, పిల్లోళ్లు ఎగిరినారు. నేను మాత్రం గుడిసెలోకి పోతి. వాన పడితే విత్తనాలిచ్చి పంపిస్తారు. మా చేలో ఒక్కదాన్నే ఎట్ల నిలబడల్లో తెలీడంల్యా.

ఇది చదివే తల్లులారా, బిడ్డ తిన్నానంటే నమ్మొద్దండి, పక్కన కూచోని చూడండి. మీరు గూడా కడుపునిండా తినండి.