కట్టె డప్పు కొట్టిన మధ్యాహ్నం

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లో పిల్లి ఈనితే ఆఫీసులో చిరుతపులి ఈనిందని చెప్పే రకాన్ని. (మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. మీరు కొత్తవాళ్ళు గనుక రెండుతో భాగించుకుంటే సరిపోతుంది.) అయితే ఈ కథలో నా కోపాన్ని మాత్రం దేనితోనూ భాగించకండి. ఇన్నేళ్ళయినా వెదురు బుట్ట కనిపిస్తే చాలు, నాకు అరికాలి నుంచి మంట బయలుదేరుతుంది. బుట్టలమ్మే ఆమె మా వీధిలోకి రావడం మానేసింది.

ఆ రోజుల్లో ఉప్పల్ అంటే ద్రాక్ష పందిళ్ళు. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డట్టు అప్పుడు పందిరి కింద రాతి కడీలు బారులు తీరి ఉండేవి. నాచారం వైపు చూస్తే ఫ్యాక్టరీ గొట్టాలు, ఇటు తిరిగితే గుత్తులు. మా ఇంటికి తాళం ఉండేది గాని దాని చెవి మా తాతతోనే పోయింది. ఆ తాళం ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పనికొచ్చేది. అలాంటి ఊళ్ళో ఉన్నట్టుండి బావుల మీది మోటార్లు మాయమవడం మొదలైంది. లోపలి రాగితీగ కోసం నగరం నుంచి ట్రాలీ ఆటోలు వేసుకుని వచ్చేవాళ్ళు. ఆ ఏడు మా పందిరికి కాసిన కాపు అంతకు ముందు ఎన్నడూ కాయలేదు. గుత్తి ఒక్కొక్కటి చంటిపిల్లంత ఉండేది. (సరే, చంటిపిల్ల కాలంత.) ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. మా బావి మోటారు ఒక్క వారం ఆగితే కాయ తోలు ముడతపడుతుంది. కాపు పోతే తోట పోయినట్టే, ఎందుకంటే గొడుగు బ్రోకరు అని మేం పేరు పెట్టిన ఒకాయన ఎండనకా వాననకా గొడుగుతో వచ్చి, గేటు దగ్గర నిలబడి అదే పాట పాడుతుండేవాడు. "ఈ కడీలు పీకేస్తె మస్తు ప్లాట్లు వడ్తయి పటేలా. ఎన్ని దినాలు గీ కష్టం?" మా నాయిన అతని చేతిలో ఒక గుత్తి పెట్టి పంపేవాడు. రాత్రిళ్ళు బావి గట్టున మంచం వేసుకుని పడుకునేవాడు. పగలు దొంగలు రారని లోకం మొత్తం నమ్మినట్టే మేమూ నమ్మాం.

ఇక ఇండోనేషియా సారు. కాలనీలో ఉండే ప్రభుత్వ శాస్త్రవేత్త, కోస్తా మనిషి, మా ఇంట్లోనే పాలు పోయించుకునేవారు. ఆఫీసు పని మీద ఇండోనేషియా వెళ్ళి అక్కడ వరి పండించే ఒక చిన్న పల్లెలో కొన్నాళ్ళు ఉండి వచ్చారు. వచ్చినప్పటి నుంచి ఆయన లెక్కలో ప్రపంచంలో రెండే దేశాలు, ఇండోనేషియా, ఇండోనేషియా కాని చోటు. పాలగిన్నె పట్టుకుని మా అరుగు మీద కూర్చుని అక్కడి బాతుల గురించి చెబుతుంటే మా గేదె కూడా నెమరు ఆపి వినేది. మోటార్ల దొంగతనం సంగతి తెలియగానే ఆయన తమ షోకేసులోంచి ఒక వెదురు బొంగు తీసుకొచ్చారు. మధ్యలో నిలువునా గాటు పెట్టి ఉంది.

"అక్కడ పల్లెలో ఇంటింటికీ ఇది వేలాడుతుందండీ, పటేల్ గారూ. రెండేసి దెబ్బలైతే దొంగ, మూడేసి అయితే మంట. చప్పుడు వినగానే ఊరు ఊరంతా కర్రలు పట్టుకుని పరుగెత్తుకొస్తుంది."

"మాకు డప్పున్నది గద సారూ," అన్నాడు నాయిన.

"డప్పు చాటింపుకండీ. డప్పు కొట్టాక మనిషి నోరు విప్పి చెప్పాలి. దీనికి మనిషి నోరే తెరవక్కర్లేదు. చప్పుడే చెబుతుంది."

ఆ మాట దగ్గరే మా తోట కాళ్ళు విరిగాయి. ఆనాడది మాలో ఎవరికీ తట్టలేదు. మా ఊళ్ళో చాటింపుకు ఒక మర్యాద ఉండేది. డప్పు మోగితే అందరూ వచ్చి చుట్టూ నిలబడాలి. ఆఖరి గల్లీ వాళ్ళు వచ్చేదాకా కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు. అంతా వచ్చాక ఆపి సంగతి చెబుతాడు. మధ్యలో అతన్ని కదిలించడం, అన్నం ముద్ద నోట్లో ఉన్నవాడిని పలకరించడం లాంటిది.

సారు ఒక ఆదివారం ఊరందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. షోకేసు బొంగు చప్పుడు చాలదని నా అంత ఎత్తున్న వెదురు తెప్పించి మా ముందరి కడీకి వేలాడదీయించారు. ఊరు దానికి కట్టె డప్పు అని పేరు పెట్టుకుంది. పాఠం అయ్యాక పరీక్ష. ముందు వరసలో మా నాయనమ్మ దొరికింది.

"రెండేసి దెబ్బలు పడితే ఏమిటమ్మా?"

"రెండు దెబ్బలకు ఏమైతది సారూ? మా పిలగాండ్లకు నాలుగు వడ్తె గాని బుద్ధి రాదు."

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి పాసు చేశారు. అప్పటికి నేను పాలిటెక్నిక్ ముగించి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో ఎదురుచూస్తున్నాను. కట్టె డప్పు బాధ్యత నాకు అప్పజెప్పి, సారు నా భుజం మీద చెయ్యి వేశారు. "ఒక్కటే నియమం బాబూ. కొట్టేవాడు మాట్లాడకూడదు. మాట్లాడావంటే జనం నీ మాట వింటారు, దెబ్బల లెక్క వినరు." నాకు ఆ క్షణంలో మీసం ఒక అంగుళం పెరిగింది. పోలీసు కమిషనరుకి కూడా అంత బాధ్యత ఉండదనుకున్నాను.

ఆ మధ్యాహ్నం నాయిన మందుల కోసం పట్నం వెళ్ళాడు. అన్నం తిని వాకిట్లోకి వచ్చి చెయ్యి కడుక్కుంటూ చూస్తే, మా బావి దగ్గర ట్రాలీ ఆటో. ఇద్దరు మనుషులు మోటారు నట్లు విప్పుతున్నారు. ఎంత నెమ్మదిగా విప్పుతున్నారంటే, నాయినే మెకానిక్కులను పంపాడేమో అనుకున్నాను. తర్వాత వాళ్ళు నాయిన మంచం మీది దుప్పటి లాగి మోటారుకు చుట్టారు. ఏ మెకానిక్కూ అలా చెయ్యడు. నాకు కళ్ళెర్రబడ్డాయి. కర్ర అందుకున్నాను. రెండు, రెండు, రెండు. నాచారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారిందనుకుని కార్మికులు టిఫిను డబ్బాలు సర్దుకునేటంత గట్టిగా కొట్టాను.

ఊరు వచ్చింది. సారు చెప్పినట్టే ఊరు ఊరంతా వచ్చింది. వచ్చి నా చుట్టూ గుండ్రంగా, మర్యాదగా, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏం సాటింపురా?" అన్నాడు మా మేనమామ.

నేను మాట్లాడలేదు. నియమం. రెండు, రెండు.

"ఆగు బావా, అందరు రానియ్యి. జెప్తడు గద," అన్నారెవరో.

"గాసునూనె వచ్చినట్టున్నది." (కిరోసిన్‌ని మా వైపు అలా అంటారు. అది వచ్చి చాలా రోజులైంది.)

ఆ మాట వినగానే సగం మంది డబ్బాల కోసం ఇళ్ళకు పరుగెత్తారు. నేను గడ్డంతో బావి వైపు చూపించాను, కళ్ళతో చూపించాను, ఆఖరికి కాలితో కూడా చూపించాను. "బాయికాడ ఇస్తున్రంట, నడువుండ్రి," అంటూ జనం కదిలింది. అమ్మయ్య అనుకున్నాను. చేతుల్లో డబ్బాలు ఊపుకుంటూ అంతమంది దొంగల మీదికి పోతుంటే నా గుండె పొంగింది. దొంగల్ని చూడగానే ఆ డబ్బాలే ఆయుధాలవుతాయనుకున్నాను. ఇండోనేషియా పల్లె నా కళ్ళ ముందు నిలబడింది. ఇంకా గట్టిగా కొట్టాను.

అక్కడ జరిగింది తర్వాత మేనమామే ఒకే ఒక్కసారి చెప్పాడు, తల వంచుకుని. జనాన్ని చూసి దొంగలిద్దరికీ ముఖాలు పాలిపోయాయి. జనం మాత్రం ట్రాలీ వెనక వరస కట్టారు. ముందు నేనంటే ముందు నేనని కాసేపు తోసుకున్నారు కూడా. "ఇంటికెన్ని లీటర్లు ఇస్తున్రన్నా?" అని మేనమామే అడిగాడు. ఆ దొంగల్లో ఒకడు మామూలువాడు కాదు. "ఈడ గాదు కాకా, చౌరస్తాల ఇస్తున్నం. బండి బురదల దిగింది, జర అందరు నెట్టుండ్రి," అన్నాడు. దూరం నుంచి భుజాలు వంగడం చూసి, బండిని బోర్లా పడేస్తున్నారని నేను సంబరపడ్డాను. మా ఊరు మా మోటారును భుజం పెట్టి కాలువ బురదలోంచి లేపి, రోడ్డెక్కించి, చెయ్యి ఊపి పంపించింది.

అప్పుడు అమ్మ బయటికి వచ్చింది. ఖాళీ బావి గట్టునూ, నన్నూ, నా కర్రనూ చూసింది.

"కొడ్తున్నవు గాని, నీకు నోరు లేదా కొడుకా?"

నోరు తెరిచాను. "దొంగలే," అన్నాను. ఆ మాట వినడానికి అక్కడ అమ్మ, గేదె తప్ప ఎవరూ లేరు. ఊరు చౌరస్తాలో డబ్బాలతో వరసలో ఉంది. పొద్దుగూకేదాకా ఉంది.

సాయంత్రం సారు పాలగిన్నెతో వచ్చి అంతా విని, "లెక్క సరిగ్గానే కొట్టావా?" అన్నారు. కొట్టానన్నాను. "మరి లోపం ఎక్కడుంది?" అని ఆయన నిజంగా ఆలోచనలో పడ్డారు. నా ఒంట్లో రక్తం ఒక్క చుక్క ఆ పాలగిన్నెలో పడితే పాలు మరిగిపోయేవి. వరస కట్టిన ఊరి మీద కోపం, దుప్పటి చుట్టిన చేతుల మీద కోపం, ఇండోనేషియా మీద, అక్కడి బాతుల మీద కోపం. కర్ర చేతిలో ఉన్నంతసేపూ నోరు మూసుకున్న నా మీద అన్నిటికంటే ఎక్కువ కోపం. కట్టె డప్పును గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టాను. ఆ వంటకు కూడా పొగ వాసన వచ్చి ఎవరూ తినలేదు.

రాత్రికి నాయిన పట్నం నుంచి వచ్చాడు. బావి దాకా వెళ్ళి, నులక మంచం మీద చెయ్యి వేసి చూసి వచ్చాడు. "మంచి దుప్పటిరా అది," అన్నాడు. తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయేవాణ్ణి.

మరునాడు తెల్లారేసరికి ఊరంతా మా బావి దగ్గరుంది. అవే గాసునూనె డబ్బాలు. చేదలు వేసి తోడి, డబ్బాలతో మోసి, మొదలు మొదలుకూ పోశారు. సారు పాంటు మడిచి రెండు చేతులా మోశారు. మేనమామ అందరికంటే ఎక్కువ మోశాడు. అలా రోజూ పోస్తే తోట బతికింది, ఆ కాపు చేతికొచ్చింది, కొత్త మోటారు వచ్చింది, గొడుగు బ్రోకరు గేటు దగ్గర నిలబడి నిలబడి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేనుండేది ఆ దగ్గర్లోనే ఒక అపార్టుమెంటు. కింద సైరను పెట్టారు. మొన్నొక రోజు అది మోగితే మెట్లు దిగి పరుగెత్తాను. అప్పటికే అందరూ వచ్చి ఫోన్లు చూసుకుంటూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. వాళ్ళను నోటికొచ్చినట్టు తిడదామని నోరు తెరిస్తే, ఈ పెద్దమనిషి నోట్లోంచి వచ్చిన మాట, "ఏం సాటింపు?"

ఇక ఇందులో నేను కల్పించిందేమిటో చెప్పాలి కదా. వరస కట్టడం నిజం. బండి నెట్టడం నిజం, మేనమామ పోయేదాకా ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. డబ్బాలతో నీళ్ళు పోయడమూ నిజమే, చేతులు బొబ్బలెక్కేదాకా పోశారు. తోట బతికిందన్నది మాత్రం నేను కల్పించాను. డబ్బాల నీళ్ళకు ద్రాక్ష బతకదు. కడీలు పీకుతున్నప్పుడు నాయిన వెళ్ళి గొడుగు బ్రోకరు చేతికి ఎప్పటిలాగే ఒక గుత్తి ఇచ్చాడు, ముడతలు పడ్డది.

ఈ కథ ఇంట్లో ఎన్నోసార్లు చెప్పాను. మా ఆవిడ ప్రతి మాటనూ నాలుగుతో భాగిస్తూ వింటుంది. తోట బతికిందని చెప్పే చోటికి వచ్చేసరికి మాత్రం భాగించదు. అవునవునని తలూపుతుంది.