గంగారాం తెరిచిన కిటికీలు

గంగారాం ఇక లేడన్న దుర్వార్తను గత శుక్రవారం వాచ్‌మన్ మోసుకొచ్చాడు. మేము ఖాళీ చేసిన ఇంట్లోనే, వంటింటి కొళాయి పారుతుండగా, గోడకు ఆనుకుని కూర్చుని ప్రాణం విడిచాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఎన్నాళ్లని కొట్టుకుంటుంది పాపం!

నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, సౌదీలో అల్ ఖోబర్‌లోని మా కంపెనీ కాంపౌండులో ప్లంబరుగా జీవితంలో సగభాగం వెచ్చించిన సౌజన్యమూర్తి ఆయన. ఆయనకు ప్రాణమిత్రుడు హూలియో అనే స్పెయిన్ ఇంజనీరు. ఒకరి భాష ఒకరికి రాదు. అరబ్బీ, హిందీ ముక్కలు కలుపుకుని సాయంత్రం పూట చాయ్ తాగుతూ మాట్లాడుకునేవారు. ఏముంటాయయ్యా అన్ని కబుర్లు అంటే, "వాళ్ల ఊరి ముచ్చట సారు" అనేవాడు.

ఆ ఊరిపేరు నోరు తిరగక గంగారాం దానికి 'కొండూరు' అని పేరు పెట్టాడు. కొండ మీద రాతి ఇళ్లు, ఊరుమ్మడి కళ్లం, ఒక చర్చి, బాదం తోటలు. ఆ తోటలకు నేటికీ నీరిచ్చే కాలువ శతాబ్దాల కిందట అరబ్బులు తవ్వినదట. అది విని గంగారాం చాలాసేపు నవ్వుకున్నాడు.

"అంటే అప్పట్ల ఈ అరబ్బోళ్లు గూడ బతుకబోయిండ్రన్నట్టు" అన్నాడు నాతో.

యువతరం పట్నాలు పట్టిపోగా అక్కడ గుప్పెడుమంది వృద్ధులే మిగిలారు. అయినా వారిదొక ఆచారం. ఊరు విడిచే కుటుంబం ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళుతుంది. వారానికోసారి పక్కింటివారు వెళ్లి కిటికీలు తెరిచి, ఇంటికి గాలి తగలనిస్తారు. తాళంచెవి ఊళ్లో ఉన్నంతకాలం ఆ కుటుంబం ఊరిదే. ఈ మాట గంగారాం మనసులో నాటుకుపోయింది.

ఇంతలో స్థానికులకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలనే నితాకత్ చట్టం వచ్చింది. తగినంతమంది సౌదీలు లేరని మా కంపెనీ రెడ్ జాబితాలో పడింది. ఆ వెనకే భార్యాబిడ్డల మీద తలకింతని లెవీ పన్ను. వీధికి వీధే ఎగ్జిట్ వీసా మీద సొంత ఊళ్లకు వెళ్లిపోయింది. హూలియో కూడా కొండూరు చేరాడు. నా భార్య శారద పాపను తీసుకుని బయల్దేరిన రోజు గంగారాం గుమ్మంలో నిలబడి తాళంచెవి అడిగాడు.

"మూసిపెడితే ఇల్లు అలుగుతది అమ్మా. మీరు మళ్లొచ్చేదాక నేను జూస్కుంట."

శారద కళ్లు తుడుచుకుని తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. నేను బ్యాచిలర్ క్యాంపుకు మారాను. ఖోబర్ ఉక్కకు మూసిన ఇళ్లు ఇట్టే బూజు పడతాయి. అలా అందరి తాళాలూ తీసుకున్న గంగారాం ప్రతి శుక్రవారం ఇంటింటికీ వెళ్లి కిటికీలు తెరిచి, కొళాయిలు తిప్పి, ఎండిన తూముల్లో నీళ్లు పోసేవాడు. అది ఆయన సెలవురోజు.

రెడ్‌లో ఉన్న కంపెనీ కనుక ఆయన ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కొత్తది కాలేదు. స్వదేశం పొమ్మని అందరం పోరాం. ఎవరొస్తారని ఈ కాపలా అని నేను విసుక్కున్నాను కూడా. ఆయన తాళాల గుత్తి చూపించాడు.

"ఎవరికిచ్చి పోవాలె సారు?"

ఇప్పుడు ఆయన పార్థివదేహం ఇంకా మార్చురీలోనే ఉంది. దాన్ని ఇంటికి పంపే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయాను. ఫోన్‌లో శారద ఏడ్చి ఏడ్చి, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగింది. వాచ్‌మన్ గుత్తి నాకే ఇచ్చాడు, నా దగ్గరే ఉంది అన్నాను. ఈ శుక్రవారం నేనే వెళ్లి కిటికీలు తెరిచాను.

హూలియోకు కబురు చెబితే ఫోన్ పెట్టేశాడు. మర్నాడు తనే ఫోన్ చేశాడు. ఊళ్లో ఎవరు పోయినా చర్చి గంట కొడతారట. వెళ్లి కొట్టాడట. వృద్ధులంతా చేతికర్రలతో చర్చి ముందుకొచ్చి, తమలో ఎవరు తగ్గారా అని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారట. అందరూ ఉన్నారు. మరి పోయిందెవరని అడిగారట.

మన ఊరివాడే, తాళాలు చూసుకునే మనిషి, అని చెప్పాడట హూలియో. వాళ్లు టోపీలు తీసి, గంట ఆగేదాకా నిలబడ్డారట.

గంగారాం, నీవంటివాడు మాకిక దొరకడు. నీకిదే నా కడపటి నమస్కారం. తాళాలు నా దగ్గరున్నాయి, ఇక నువ్వు ఇంటికి పో.