గుడ్లకు వేరే గంజు

మాటలు సరిగా రాని పసివాళ్ల ఆకలిని, వాళ్లు అడగకముందే ఎరిగిన దేవునికి స్తోత్రం. పిచ్చుకకు గింజ ఎక్కడుందో చూపేవాడు, తల్లి కడుపులోని బిడ్డకు ఆ చీకట్లోనే అన్నం పెట్టేవాడు ఆయనే. ఆయన నామానికి మహిమ చెల్లించి ఈ సంగతి రాస్తున్నాను.

మాది నారాయణఖేడ్. మా అమ్మాయి కుట్టుపనికి పోతుంది కాబట్టి మనవణ్ణి అంగన్‌వాడీకి తీసుకుపోయి తీసుకొచ్చే పని నాది. చాలామంది పిల్లల్ని గడప దగ్గర వదిలి వెళ్లిపోతారు. నేను వెళ్లను. మా మందిరంలో ఆదివారం చిన్నపిల్లలకు వాక్యం చెప్పేది నేనే. పాట మధ్యలో లేచి పరిగెత్తేవాణ్ణి టీచర్ ఎలా కూర్చోబెడుతుందో చూసి నేర్చుకుందామని వరండాలో ఒక మూల కూర్చుంటాను.

అక్కడ నాకు అన్నిటికంటే వింతగా తోచేది అన్నం వేళ. హైదరాబాద్‌లో ఎవరో కూర్చుని, ఇంత వయసు పిల్లకు ఇంత బియ్యం, ఇంత పప్పు, ఒక గుడ్డు అని రాస్తారు. ఆ మాట ఆదిలాబాద్ దాకా పోతుంది, మా గల్లీకీ వస్తుంది. రాష్ట్రమంతటా ఇంచుమించు ఒకే వేళకు చిన్న చిన్న పళ్లేల ముందు పిల్లలు చేతులు జోడిస్తారు. అరణ్యంలో ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసినప్పుడు మనిషికి ఇంత అని కొలత చెప్పినవాడు దేవుడు. ఈ కొలత చెప్పింది ఎవరు? వాళ్ల ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? ఎప్పుడైనా కనబడితే అడగాలని నాకు ఉండేది.

మా మనవడి పక్కన కూర్చునే ఒక పిల్ల ఉంది. ఇంట్లో కన్నడం మాట్లాడే లింగాయతులు వాళ్లు, బజారులో పప్పుల దుకాణం. ఆ పిల్ల జబ్బ పట్టుకుంటే నా వేళ్లు చుట్టూ తిరిగి కలిసేవి. వయసుకు తగ్గ బరువు లేదని టీచర్ ఇంటివాళ్లకు చెప్పింది. వచ్చే తూకానికి కూడా పెరగకపోతే సంగారెడ్డి దవాఖానలో చేర్పించాలన్నారు. పిల్ల తల్లేమో నిండు నెలలకు దగ్గర పడుతోంది. ఆమెకు అదే దిగులు.

ఇంట్లో ఎంత బతిమాలినా నాలుగు ముద్దలు మింగని ఆ పిల్ల, అంగన్‌వాడీ బంతిలో కూర్చుంటే పళ్లెం ఖాళీ చేసేది. గుడ్డు మాత్రం పెట్టేవాళ్లు కాదు. వాళ్లింట్లో తినరని టీచర్‌కు తెలుసు. గుడ్డుకు బదులు ఇంకో గరిటె పప్పు వేసేది. అదే అన్నం, అదే పప్పు, ఇంట్లో ఎందుకు దిగదు, ఇక్కడ ఎందుకు దిగుతుంది? నేను రోజూ దాని నోటినే చూస్తూ కూర్చునేదాన్ని.

ఇక గంజు సంగతి, అంటే వంట గిన్నె సంగతి. అక్కడ వంట చేసే ఆయా అన్నం ఉడికే గంజులోనే గుడ్లు కడిగి వేసేది. ఉన్నది ఒక్క సిలిండర్. వేరేగా ఉడికిస్తే నెలాఖరుదాకా రాదు. మా ఇంట్లోనూ అలాగే చేస్తాం కాబట్టి నాకు అందులో వింత కనబడలేదు. టీచర్‌కూ కనబడలేదు. గుడ్డు పళ్లెంలో వేయకపోతే చాలు, మాట నిలబెట్టుకున్నట్టే అనుకున్నాం అందరం.

ఆ పిల్లకు మాత్రం అది పెద్ద వింత. ఒకరోజు ఇంటికి పోయి, "అజ్జీ, ఆడ గుడ్లు అన్నంల ఈత కొడుతుంటయి" అని మురిపెంగా చెప్పిందట.

మర్నాడు అన్నం వేళకు పిల్ల నాయనమ్మ వచ్చి గడప బయటే నిలబడింది. ఆ పిల్ల అజ్జి అని పిలిచేది ఈమెనే.

"ఏమే టీచర్, అన్నంల గుడ్లు ఉడికిస్తున్నవా?"

టీచర్ ఆయా వైపు చూసింది.

"పెంకుతోటే వేస్తం గదా అవ్వా," అంది ఆయా. "లోపలిది లోపలనే ఉంటది."

"ఆ లోపలిది నీ ఇంట్ల పెట్టుకో. ఇన్ని దినాల సంది మా పిల్ల గుడ్ల నీళ్లు తాగిందన్నట్టు."

"నీళ్లు వంచుతం అవ్వా."

"వంచినా బేడ, వంచకున్నా బేడ. ఇగ మా పిల్ల రాదు."

కన్నడంలో వద్దు అని చెప్పే ఆ 'బేడ' అనేసి, పళ్లెం ముందు కూర్చున్న పిల్లను ఎత్తి చంకన వేసుకుంది. పిల్ల ఏడవలేదు. సందు మలుపు దాకా వెనక్కి తిరిగి పళ్లెం వైపే చూస్తూ పోయింది.

టీచర్ పై మేడమ్‌కు ఫోన్ చేసింది. తిననివాళ్లకు గుడ్డు పెట్టకండి, గంజు సంగతి మీరే చూసుకోండి అని జవాబు వచ్చింది. బియ్యం ఎంతో రాసి ఉంది, గుడ్డు సంగతీ రాసి ఉంది. గుడ్డు ఏ గంజులో ఉడకాలో మాత్రం ఎవరూ రాయలేదు. బహుశా రాసినవాళ్ల ఇళ్లలో గంజులకు కొదవ ఉండి ఉండదు.

మందిరంలో ఈ సంగతి చెబితే ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బైబిల్లోని ధర్మశాస్త్రం చదివినవాళ్లకు గంజు చిన్న విషయం కాదు. తినకూడనిది మట్టికుండలో పడితే కుండనే పగలగొట్టమన్నాడు దేవుడు. ఆ పాత ఆజ్ఞల కింద మనం ఇప్పుడు లేము, నిజమే. అయినా ఒక ఇల్లు తన కుండను అంత జాగ్రత్తగా చూసుకుంటుంటే ఎగతాళి చేయమని ఏ వాక్యమూ నాకు చెప్పలేదు. అన్నానికి కొత్త గంజు కొనిద్దామన్నాను. మా స్త్రీల సమాజం ఒప్పుకుంది. టీచర్‌తో చెప్పి, గంజు తీసుకుని ఆ ఇంటికి వెళ్లాను.

నాయనమ్మ గడప మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది.

"మీ చర్చోళ్ల గంజుల మా పిల్లకు అన్నమా? మంచిగ చెప్పినవ్."

"కొత్తదే అక్కా. ఇంక పొయ్యి మీదికి ఎక్కలే, చూడు."

"ఎక్కినంక? రెండు దినాలు మంచిగనే ఉంటది. మూడోనాడు మీ ఆయా పరేషాన్ల మల్ల గుడ్లేస్తది. గంజును అడిగితే చెబుతదా?"

గంజు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

లోపల ఆ పిల్ల స్టీలు గ్లాసులను గోడ వెంట వరుసగా నిలబెట్టింది. ఒక్కొక్క గ్లాసు ముందు నాలుగు కందిపప్పు గింజలు పోసింది. "కండ్లు మూసుకోండ్రి. దండం పెట్టుండ్రి. ఇగ తినుండ్రి," అంటోంది, అచ్చం టీచర్ గొంతుతో. పక్కన దాని పళ్లెంలో పాలలో వేసిన జొన్నరొట్టె నానిపోయి ఉంది.

"పొద్దుగాల పెట్టిన అమ్మా," అంది పిల్ల తల్లి, నడుం మీద చెయ్యి పెట్టుకుని. "గ్లాసులకు పెడుతది గని తాను ముట్టదు. తూకం దగ్గర పడ్డది. ఈ కడుపుతోటి సంగారెడ్డి దవాఖానల నేనెట్ల ఉండాలె?"

ఆమె నాతోనే అన్నా, మాట అత్త కోసమని ముగ్గురికీ తెలుసు. నాయనమ్మ చేట ఆడించడం ఆపింది. కాసేపు ఆ గ్లాసుల బంతిని చూసింది. ఆ పిల్లకు కావలసింది ఆ పప్పన్నం ఒక్కటే కాదని, పక్కన తినే ఇంకో నోరు అని నాకు అప్పుడు తెలిసింది. ఆమెకూ తెలిసిందేమో, నేను అడగలేదు.

మర్నాడు పిల్లను నడిపించుకుని నాయనమ్మే వచ్చింది. రెండో చేతిలో ఒక పాత గంజు, కడుపు దగ్గర పెద్ద సొట్ట.

"ఇగో, గుడ్లకు గిది," అని ఆయా ముందు పెట్టింది. "సొట్ట చూసుకో. సొట్టది గుడ్లకు, నున్నది అన్నానికి. ఎంత దూరంకెల్లి చూసినా నాకు కనబడతది."

"మల్ల గ్యాసో అవ్వా?"

"గుడ్లు మునిగేటన్ని నీళ్లు పొయ్యి. బాయిల నీళ్లన్ని పోస్తే గ్యాసేం ఆగుతది?"

టీచర్ నవ్వు ఆపుకుంటూ, "గుడ్ల గంజు మీ ఇంట్ల ఎట్లున్నది అవ్వా?" అంది.

"బర్రెకు తౌడు కలుపుతుంటిమి. బర్రెను అమ్మినం. మల్ల మా ఇంటికి తేకుండ్రి."

అన్నం గంజును ఆయాతో తన కళ్ల ముందే చింతపండు వేసి తోమించి, ఆ తరువాతే పిల్లను బంతిలో కూర్చోనిచ్చింది. గుడ్డు తినని ఇంటి నుంచి గుడ్లకు గంజు వస్తుందని నేను అనుకోలేదు. మా కొత్త గంజు ఇప్పుడు మందిరంలో టీ కాచడానికి పనికొస్తోంది.

తరువాత చాలా రోజులు నాయనమ్మ వంట వేళకు వచ్చి గడప బయట కూర్చునేది. సొట్ట గంజు ఎక్కడుందో ఒకసారి చూసుకుని, ఊరికే ఉండలేక అంగన్‌వాడీ పప్పులో రాళ్లు ఏరేది. "గీ పప్పు మా దుకాణంల అయితే బర్రె గూడ కొనదు" అని తిడుతూ ఏరేది. ఈ రాష్ట్రంలో ఇంకా ఎన్ని చోట్ల ఇలా గంజు దగ్గర బంతి ఆగిపోయిందో, ఎన్ని చోట్ల ఎవరో ఒకరు వచ్చి దారి చూపారో అని ఆమెను చూస్తూ ఆలోచించేదాన్ని.

మొన్న తూకం వేశారు. పిల్ల బరువు పెరిగింది, కానీ కొంచెమే. ఇంకో నెల చూద్దాం, దవాఖానకు అప్పుడే వద్దు అంది టీచర్. తల్లికి నొప్పులు ఏ రోజైనా రావచ్చు. మీ మనవరాలి కోసం సంఘమంతా ప్రార్థన చేస్తున్నామని నాయనమ్మతో చెప్పాను.

"చెయ్యుండ్రి," అంది పప్పులోంచి తల ఎత్తకుండా. "నేను నా లింగానికి చెప్పుకుంటున్న."

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం మాతో కలవండి. ఆ పిల్ల పేరు మీకు తెలియదు, దేవునికి తెలుసు. రేపు పళ్లెం ముందు దానికి ఆకలి వేయాలని, దాని తల్లి క్షేమంగా రెండు ప్రాణాలు కావాలని, పుట్టే బిడ్డకూ బంతిలో చోటు దొరకాలని నాతోపాటు అడగండి. ఆమేన్.