ఉస్తానీ తీస్తానన్న పన్ను

బాన్సువాడలో మా ఆడపిల్లల బడి పలకలతో మొదలయ్యేది కాదు, పళ్ళతో మొదలయ్యేది. పొద్దున్నే వాకిట్లో వరుసగా నిలబడి నోళ్ళు తెరవాలి. పంతులమ్మను ఉస్తానీ అనేవాళ్ళం. నిజాం కాలం కదా, పాఠం ఉర్దూలో, తిట్లు మాత్రం తెలుగులో. ఆమె ఒక్కొక్కరి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, ముఖాన్ని వెలుతురుకు తిప్పి, నోట్లోకి తొంగి చూసేది.

ఆ పని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. నిజాంసాగర్ నీళ్ళొచ్చాక మా వైపు చెరుకు తోటలు పెరిగాయి. బండ్ల వెంట పరిగెత్తి గడలు గుంజుకోని పిల్ల లేదు. సగం మంది నోళ్ళలో పిప్పి పళ్ళే. ఇళ్ళలో అయితే పంటికి పురుగు పట్టిందని వాకుడు గింజల పొగ పట్టించేవారు. ఉస్తానీ ఆ పొగ జోలికి పోలేదు. వరి ఊక కాల్చిన బూడిదలో ఉప్పు, కాస్త పటిక నూరి కలిపి మట్టి గురిగిలో పెట్టింది. ఉప్పు మేమే తలా చిటికెడు తేవాలి. ఆ పొడితో తోముకొని పుక్కిలించాకే పాఠం. "బడికి తోలింది సదువుకా, పండ్లు తోముకోనీకా?" అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వినప్పుడు వాళ్ళ పళ్ళు కనిపించేవి. అంతకన్నా చెప్పను.

నాకు మోజు ఆ పొడి మీద కాదు, ఆ రెండు వేళ్ళ మీద. నాకు మాటలు రాకముందే అమ్మ పోయింది. నాన్నను కన్న అవ్వే నన్ను పెంచింది, ఏ లోటూ చేయలేదు. కానీ ఆమె ముఖం కడిగితే బోగాణి తోమినట్టుండేది. ఒకరు నా ముఖం పట్టుకొని నిదానంగా చూడడమంటే ఏమిటో ఉస్తానీ దగ్గరే తెలిసింది. పళ్ళు బాగున్న పిల్లలను ఆమె తొందరగా వదిలేసేది. నావి బాగుండేవి, నా ఖర్మ! పిప్పి పళ్ళ వాళ్ళ దగ్గర ఆమె ఆగిపోతే నాకు కడుపు మండేది. ఇప్పుడు నా నోట్లో ఒక్క పన్నూ లేదు. అయినా ఆ వేళ్ళ కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ ఏడు నా ముందు పన్ను కదిలింది. నా సంబరం అంతా ఇంతా కాదు. ఒక గురువారం ఉస్తానీ దాన్ని వేలితో ఆడించి చూసింది.

"ఇంకొంచెం ఆగనీ బేటీ. రేపు జుమ్మా, సెలవు. శనివారం నేనే తీస్త. అప్పటిదాంక ఎవ్వరినీ ముట్టనీయకు."

మర్నాడు పొద్దున అవ్వ దారంతో తయారైంది. "దా, ఒక్క గుంజు గుంజుత." చిక్కితే కదా! జొన్నరొట్టె పాలలో నానబెట్టుకొని పక్క పళ్ళతో తిన్నాను. చెరుకు ముట్టలేదు.

"ఏందే, గా పన్నును కోడిపిల్లను సాదినట్టు సాదుతున్నవ్?" అంది అవ్వ.

"ఉస్తానీ తీస్తనన్నది."

అవ్వ దారం ఉండకు చుట్టేసింది.

శనివారం బడిలో వేరే ఆవిడ ఉంది. ఉస్తానీ భర్త కచేరీలో గుమాస్తా. ఆయనకు నాందేడు వైపు బద్లీ అయిందట, నిన్న సాయంత్రమే సామాను బండికెత్తుకొని పోయారట. పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. అలవాటు కొద్దీ అందరం వరుసలో నిలబడి నోళ్ళు తెరిచాం. కొత్తావిడ బిత్తరపోయి, "ఏందిది? నోర్లు మూస్కొని లోపలికి నడువుండ్రి" అంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, పాపం. ఆమె మీద నాకు కోపం మాత్రం చాలా రోజులు పోలేదు.

పాఠం మధ్యలో పన్ను దానంతటదే ఊడి నాలుక మీద పడింది. దాన్ని గుప్పిట్లో పెట్టుకొని ఇల్లు చేరాను. అవ్వ నా నోట్లో ఖాళీ చూసి, "ఊడిందా?" అంది.

"ఉస్తానీ తీసింది అవ్వా. జరంత గూడ నొయ్యలే."

ఉస్తానీ బండి ముందటి సాయంత్రం మా వాకిలి ముందు నుంచే పోయింది. నేను పొలంలో ఉన్నాను, అవ్వ అరుగు మీద కూర్చొని చూసింది. నాకు చెప్పబుద్ధి కాలేదట. ఆ సంగతి నా పెళ్ళయ్యాక ఎప్పుడో బయటపెట్టింది. ఆ రోజు మాత్రం పేడముద్ద తెచ్చి, పన్ను అందులో పెట్టి, పెంకుల మీదికి విసిరింది.

"ఆమె చెయ్యి మంచిది బిడ్డా," అంది. "కొత్త పన్ను సక్కగ మొలుస్తది."