నొంటూ-దా ఫోన్ శాస్త్రం

బాగ్‌బజార్‌లో మా సందువాళ్ళెవరు ఫోన్ కొనాలన్నా ముందు నొంటూ-దా (మా బెంగాలీలో 'దా' అంటే అన్న) అరుగు దగ్గర హాజరు వేయించుకోవాల్సిందే. హాతీబగాన్‌లో కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం ఆయనది. పొద్దున్నే లుంగీ, బనీను, చేతిలో మట్టి కప్పులో టీ, ఎదురుగా ఎవరో ఒక బలిపశువు. "ర్యామ్ ఎంత? కోర్లెన్ని? బ్యాటరీ ఎంత?" అని వరసపెట్టి అడుగుతాడు. జవాబు తడబడితే కొనబోయేవాణ్ణే కాదు, వాడి తాత ముత్తాతల్ని కూడా తీసిపారేస్తాడు. నా ఫోనూ ఆయన చలవే. అందులో నూట ఎనిమిది మెగాపిక్సెళ్ళ కెమెరా ఉంది. దాంతో నేనింతవరకూ తీసినవల్లా కరెంటు మీటరు ఫోటోలు.

ఆయన భార్య, మా అందరికీ వదిన, బులా బౌది ఫోన్‌కి ఒక మూల పగిలి రబ్బరు బ్యాండు పడింది. అది చూసినప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండుతుంది.

"పారెయ్యవే దాన్ని! రెండు జీబీ ర్యామ్! నలుగురిలో బయటికి తీయకు, నా పరువు పోతుంది."

"మోగుతుంది, ఎత్తుతున్నా, మాట్లాడుతున్నా. ఇంకేం చెయ్యాలండీ అది, చేపలు తోమాలా?"

"మీ అమ్మ కూడా గ్యాసు పొయ్యి వచ్చిన కొత్తలో ఇలాగే అంది."

"మా అమ్మ ఆ పాత పొయ్యి మీద వండింది తిన్నాకే కదా మీరు మాట్లాడేది!"

ఇలా జరిగిపోతుండగా హాబుల్-దాకి ఫోన్ కొనే పని పడింది. హాబుల్-దా, నొంటూ-దా చెడ్డీలేసుకున్న నాటి నుంచి జంట. ట్రాములో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి ట్రాము గంట పక్కనే నిలబడి ఎడమ చెవి మందగించింది. సిలిగురిలో ఉన్న చెల్లెలితో రోజూ మాట్లాడుకోవడం ఒక్కటే ఆయన సరదా. అందుకే ఒకటే అడిగాడు: "చెల్లి గొంతు బాగా వినబడుతుందా?"

నొంటూ-దా ఆ సంగతి వదిలేసి, కెమెరా గురించి గంటసేపు చెప్పాడు. కొనిపించాడు కూడా. పట్టుమని పది రోజులు కాకుండానే హాబుల్-దా ఫోన్ పట్టుకుని అరుగు దగ్గరికొచ్చాడు.

"చెల్లి మాట బావిలోంచి వస్తున్నట్టుందిరా. పాత డబ్బా ఫోనే నయం."

"ఇంత ఫోన్‌ని డబ్బాతో పోలుస్తావా? దానికేం రోగం లేదు. లోపం నీ చెవి స్పెసిఫికేషన్‌లో ఉంది. ముందు దాన్ని మార్పించుకో!"

అరుగు మీదున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. హాబుల్-దా నవ్వలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి పాలకి కూడా వెనక సందులోంచి తిరిగి వెళ్ళేవాడు. నొంటూ-దా మాత్రం పైకి తొణకలేదు. కానీ సాయంత్రాలు క్యారమ్ బోర్డు ముందు ఒక్కడే కూర్చుని రెండు వైపులా తనే ఆడుకునేవాడు. గెలిచినా తిట్టడానికి మనిషి లేడు. చూస్తే నాకే జాలేసేది, కానీ ఆయనకి బుద్ధి చెప్పే ధైర్యం మా సందులో ఎవరికుంది?

దసరా పూజలకి బోనసొచ్చింది. నొంటూ-దా కొత్త ఫోన్ కొన్నాడు. పాత నంబర్లు అందులోకి ఎక్కించుకోలేదు.

"నంబర్లు దాచుకోవడం పాతరాతి యుగం!" అన్నాడు. "సిమ్ ఎవరి పేరున ఉంటే వాడి పేరు ఇదే చూపిస్తుంది. అసలు పేరు, పూర్తి పేరు!"

చిక్కంతా అక్కడే వచ్చింది. మా బెంగాలీల్లో మనిషికి రెండు పేర్లుంటాయి. ఒకటి ఇంటికీ వీధికీ, ఇంకోటి సర్కారుకి. సర్కారు పేరు బడి సర్టిఫికెట్లో కనబడి, పెళ్ళి కార్డులో మెరిసి, మళ్ళీ పెట్టెలోకి పోతుంది. పక్కింటాయన పూర్తి పేరు ఆయన శ్రాద్ధం కార్డు చూసి తెలుసుకున్నవాళ్ళం మేము.

అమ్మవారి నిమజ్జనం అయింది. విజయ దశమి తర్వాత ఎంత పగ ఉన్నా మగవాళ్ళు ఈ భుజానోసారి, ఆ భుజానోసారి కౌగిలించుకుని కోలాకులి చేసుకోవాలి. ఆ రోజుల్లో కూడా కలవకపోతే ఇక కలవరనే లెక్క. మర్నాడు సాయంత్రం నేను దండం పెట్టి రావడానికి వెళ్తే, నొంటూ-దా గంజి పెట్టిన పంజాబీ లాల్చీ తొడుక్కుని, ఎవరి కోసమూ ఎదురుచూడనట్టు మొహం పెట్టి, వీధి మలుపు వైపే చూస్తున్నాడు. లోపల బౌది పండగ నాడూలు, అంటే కొబ్బరి ఉండలు, చుడుతోంది.

ఫోన్ మోగింది. ఆయన చూశాడు.

"నృసింహప్రసాద్ కుండూ అట! ఇన్సూరెన్సు వాడై ఉంటాడు. పండగపూట కూడా ప్రాణం తీస్తారు." కోసేశాడు.

మళ్ళీ మోగింది. మళ్ళీ కోశాడు. ఇంకోసారి మోగేసరికి తెర మీద ఏదో నొక్కి, నా వైపు గర్వంగా చూశాడు. "బ్లాక్ చేశా. సదుపాయం అంటే ఇదీ!"

కాసేపటికి వంటింట్లో బౌది ఫోన్ మోగింది. ఆమె చేతులకి కొబ్బరి ఉంది కాబట్టి స్పీకరు పెట్టింది. ఆ పగిలిన ఫోన్‌లోంచి హాబుల్-దా గొంతు ఇల్లంతా గణగణలాడింది.

"బౌదీ, విజయ దండాలు. పౌరుషం చంపుకుని వాడికి నేనే ఫోన్ చేశా. కోసిపారేశాడు. మీకో మాట చెప్పి వెళ్దామని. రేపు సిలిగురి వెళ్ళిపోతున్నా, ఇక చెల్లి దగ్గరే ఉండిపోతా. ఇక్కడ నాకెవరున్నారు?"

ఫోన్ పెట్టేశాడు. నొంటూ-దా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"హాబుల్‌గాడి పేరు నృసింహప్రసాదా? ఎవడు పెట్టాడే వాడికా పేరు?"

"వాళ్ళ నాన్న పెట్టుంటాడు, మిమ్మల్నడక్కుండా! ఇంకా కూర్చున్నారేం, లేవండి!"

ఆయన లేచి పరుగందుకున్నాడు. వెనకే నాడూల గిన్నెతో బౌది, ఆవిడ వెనక నేను. హాబుల్-దా కిటికీ కింద నిలబడి నొంటూ-దా గొంతెత్తాడు. "ఒరేయ్ హాబూ!"

కిటికీ తెరుచుకుంది. "నోరు ముయ్! నా ఫోన్ కోసినవాడివి నా పేరెత్తకు."

"నువ్వని తెలీలేదురా! నీ సర్కారు పేరు పడింది!"

"అరవై ఏళ్ళ స్నేహం, నా పేరు తెలీదా?"

"నీకు నాది తెలుసా? చెప్పు చూద్దాం!"

హాబుల్-దా తల గోక్కున్నాడు. "భవానీ... భవానీ ఏదో."

"భవతారణ్‌రా! భవతారణ్ సమాద్దార్!"

చుట్టుపక్కల బాల్కనీలన్నీ గొల్లుమన్నాయి. హాబుల్-దా మెట్లు దిగి వచ్చాడు గానీ మొహం ఇంకా ముడుచుకునే ఉంది. నొంటూ-దా చేతులు చాచి, కోలాకులి మొదలుపెడుతూ ఆయన ఎడమ భుజం మీద తల ఆనించి అన్నాడు: "తప్పయిపోయిందిరా. నువ్వు అడిగింది గొంతు, నేను అంటగట్టింది కెమెరా. అందరి ముందూ నీ చెవిని ఎగతాళి చేశాను." నొంటూ-దాకి గుసగుసలాడడం చేతకాదు. వీధి చివరిదాకా వినబడింది.

హాబుల్-దా కదలకుండా నిలబడి అన్నాడు: "ఆ చెవి కాదు. ఇటు చెప్పు."

కోలాకులి ఎలాగూ రెండో వైపుకి మారాలి. మారుతూ ఆయన మళ్ళీ చెప్పాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

"విన్నావా?"

"మొదటిసారే విన్నానురా," అన్నాడు హాబుల్-దా, ఆయన్ని వదలకుండా. "ఇంకోసారి వినాలనిపించింది."