అన్నూరు జట్టుకు నేను చొక్కాలు తొడిగిన కథ

నలభై మంది ముందు మేనమామ మర్యాదను మట్టిపాలు చేయాలంటే మామూలుగా ఏళ్ల తరబడి పగ కావాలి. నాకు ఒక కంప్యూటరు, మూడు రోజులు, బోలెడంత పొగరు సరిపోయాయి.

అప్పుడు నేను కోయంబత్తూరులో కాలేజీ రెండో ఏడు. మా రంగసామి మామకు అన్నూరులో చిన్న మరమగ్గాల షెడ్డు. పనివాళ్లతో ఒక క్రికెట్ జట్టు కట్టి, దానికి తనే కెప్టెన్ అయ్యాడు. మామ మీసం చూస్తే మగ్గాలు కూడా గొంతు తగ్గిస్తాయి. ఆయన ఎదుట నవ్వినవాడు ఆ షెడ్డులో లేడు.

ఒకరోజు నేను కంప్యూటర్లో క్రికెట్ ఆడుతుంటే మామ వెనక నిలబడ్డాడు.

“కన్నూ, దీంట్లో మన టీముని పెట్టేదానికి అయితదా? మన చొక్కా, నా మొహం. ఆయుధపూజకి పెద్ద టీవీలో అందరికీ చూపిస్తాము.”

“దానికేమి మామా, ఈజీ!”

మీకో మాట చెప్పాలి. ఆటలోని ఆటగాళ్లంతా ఉత్త బొమ్మలు. వాటి ఒంటికి ఒక చిత్రాన్ని చుడతారు, దాన్నే టెక్స్చర్ అంటారు. చిత్రం మారిస్తే చొక్కా మారుతుంది. గుడ్డ నేసే ఇంటి పిల్లను, బొమ్మకు గుడ్డ చుట్టలేనా అనుకున్నాను.

మొదటి రోజు చొక్కాల మీద ‘అన్నూరు’ అద్దంలో చూసినట్టు తిరగబడింది. చిత్రాన్ని తిప్పి పెట్టాను. రెండో రోజు పదకొండు మందీ బొగ్గు బస్తాల్లా నల్లగా నిలబడ్డారు. మామ వాళ్లమ్మ, మా అవ్వ, కళ్లజోడు సర్దుకుని చూసింది.

“ఏమే, మీ మామ టీము శబరిమలకి పోతా ఉండాదా?”

గాంధీపురంలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే స్నేహితురాలు కవితకు ఫోన్ చేశాను.

“సేవ్ చేసేటప్పుడు తప్పు ఫార్మాట్ పెట్టుంటావు, మార్చు. సరి, ఒరిజినల్ ఫైలుకి కాపీ పెట్టుకున్నావా?”

“అది ఏమిటికి?”

“సామిని మొక్కుకో,” అని ఫోన్ పెట్టేసింది.

మూడో రోజు చొక్కాలు ముద్దొచ్చాయి. ఇక మిగిలింది మొహం. ఆటలో ఫైళ్లకు పేర్లుండవు, అన్నీ అంకెలే. మొహం ఫైలు ఇదే అయ్యుంటుందనుకున్న ఒక అంకె మీద మామ ఫొటో పెట్టేశాను. జట్టు వరుసగా నిలబడినప్పుడు చూస్తే మొహాలు గోరంత. అక్కడెక్కడో మీసం ఉన్నట్టే తోచింది. ఒక్క బంతైనా ఆడి చూడాలి కదా అంటారా? ఆ తెలివి ఉంటే మీకు ఈ కథ ఎక్కడిది!

ఆయుధపూజ వచ్చింది. మగ్గాలకు పసుపు, కుంకుమ. అందరి చేతుల్లో బొరుగుల పొట్లాలు. టీవీలో చొక్కాలు కనబడగానే చప్పట్లు మోగాయి. మామ మీసం దువ్వాడు.

“నా మొహం ఏడ?”

“వస్తుంది మామా.”

వచ్చింది. తెర నిండా బంతి. బంతి నిండా మామ.

బౌలర్ మామను తొడకేసి రెండుసార్లు రుద్దాడు. పరుగెత్తుకొచ్చి విసిరాడు. మామ గిరగిరా తిరుగుతూ ముక్కు మీద పడి లేచాడు. బ్యాట్స్‌మన్ ఫట్‌మని ఒకటిచ్చాడు. మామ వెళ్లి గ్యాలరీలో పడ్డాడు.

బొరుగులు నోళ్లలోనే ఆగిపోయాయి.

“అయ్యయ్యో, నా బిడ్డని కొడతా ఉండారే!” అవ్వ అరిచింది.

నేను ఆట ఆపబోయాను. “నిలపొద్దు!” అని గర్జించి, మామ లేచొచ్చి నా చేతిలోంచి గేమ్‌ప్యాడ్ లాక్కున్నాడు. నా ప్రాణాలు మేట్టుపాళయంలో రైలెక్కి నీలగిరి కొండెక్కేశాయి.

“ఇట్ల ఇయ్యి. ఎంత దూరం పోతానో నేనే చూస్తాను.”

తన మొహాన్ని తనే సిక్సర్ కొట్టాడు. మీసం కింద ఏదో కదిలింది. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతే, షెడ్డంతా గొల్లుమంది.

“ముదలాళీ, నాకొక బాలు!” పన్నెండేళ్లుగా యజమాని తిట్లు తింటున్న మేస్త్రీ చిన్నసామి ముందుకొచ్చాడు. వెనకే నలభై మందీ వరుస కట్టారు.

“ఏమిరా చిన్నసామీ, మగ్గం కాడ నీకింత వేగం ఎప్పుడూ చూడలేదే!” అన్నాడు మామ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు అందరికంటే దూరం కొట్టింది మాత్రం అవ్వ. బంతి స్టేడియం దాటిపోయాక తృప్తిగా గేమ్‌ప్యాడ్ కింద పెట్టింది.

“చిన్నప్పుడు చానా సతాయించినాడు,” అంది.

కాబట్టి, షెడ్డులోని మగ్గాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక పెద్దవాళ్ల మొహాన్ని గుండ్రంగా ఉండే ఏ వస్తువు మీదా పెట్టను.