వెనక సీటు మేడం

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దగ్గరి పంక్చర్ షాపులో ఎవరైనా టైరులోంచి గాలి వదిలితే, ఆ 'సుయ్'మన్న చప్పుడుకు నా భుజాలు బిగుసుకుంటాయి. ఆ గాలికి ఒక వాసన కూడా ఉంటుంది. చాలాకాలం చీకట్లో మూసిపెట్టిన రబ్బరు వాసన, కొంచెం చేదుగా. పక్కన నిలబడి చాయ్ తాగేవాళ్లకు ఇవేవీ పట్టవు. నాకు మాత్రం నాదర్‌గుల్ అవతలి బురద, వైపర్లు కొట్టుకోవడం, ఏ తొందరా లేని ఒక ఆడగొంతు వరసగా గుర్తొచ్చేస్తాయి. "ఇంకా వదులు. ఆపమన్నప్పుడు ఆపుదువుగాని" అంటుంది ఆ గొంతు. నేను చాయ్ సగంలో పెట్టేసి వెళ్లిపోతాను. షాపువాడు నాకు చాయ్ నచ్చలేదనుకుంటాడు. అదీ నిజమే.

ఆ గొంతు ప్రభావతి మేడంది. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సొంత ఊరు తెనాలి. సగం జీవితం హైదరాబాదులో గడిచినా ఆవిడ భాషకు మాత్రం బదిలీ కాలేదు. మా వైపు రిటైరైనవాళ్లు పొద్దున్నే వాకింగ్ చేస్తారు, లేదా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో చేరి మిగతావాళ్లను నడిపిస్తారు. ఈవిడ కర్మన్‌ఘాట్ రోడ్డు వెనక ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, కొండలూ బురదలూ ఎక్కే జీపులను మార్చి ఇచ్చే వర్క్‌షాప్ పెట్టారు. నేను అప్పటికి మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ, ఏ పోటీ పరీక్షకూ పెద్దగా పోటీ ఇవ్వకుండా ఉన్నాను. ఉద్యోగం అడగడానికి వెళితే ఆవిడ ఒక్కటే ప్రశ్న వేశారు. "బండి బాగుందో లేదో ఎక్కడ కూర్చుంటే తెలుస్తుంది?"

"డ్రైవింగ్ సీట్లో మేడం."

"అందుకే మనూళ్లో అందరి బళ్లూ బాగున్నాయి" అని, మర్నాడు రమ్మన్నారు.

ఆవిడ పద్ధతి ఇదీ. ఎవరు ఏ బండి తెచ్చినా, ఇంజిన్ గురించి అడక్కముందే, "వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?" అని అడిగేవారు. టైర్ల సైజులు బట్టీపట్టి వచ్చిన కుర్రాళ్లు ఈ ప్రశ్నకు తెల్లమొహం వేసేవాళ్లు. సిలబస్‌లో లేని ప్రశ్న. పని పూర్తయ్యాక మేడం స్వయంగా వెనక సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, మమ్మల్ని గుంతల సందుల్లో తిప్పమనేవారు. ఆవిడకు పైవరుసలో ఒక కట్టుడు పన్ను ఉండేది. అది కదిలితే బండి మళ్లీ షెడ్డులోకే. "ఇక్కడ పన్ను కదిలింది" అంటే మేం షాక్ అబ్జార్బర్లు విప్పేవాళ్లం. కంపెనీలు ఈ పనికి పెద్ద పెద్ద యంత్రాలు పెడతాయని చదువుకున్నాను. మా దగ్గర ఆ పన్ను ఉండేది.

నర్సింహ ఆమె దగ్గరికి రావడం బండి బాగుకోసం కాదు, గతిలేక. బాలాపూర్‌లో పాత భూములున్న కుటుంబం. నాదర్‌గుల్ దాటాక ఒక వెంచర్ వేశాడు. అక్కడ పైలట్ల శిక్షణకు ఒక రన్‌వే ఉంది కాబట్టి బ్రోషర్‌లో 'విమానాశ్రయానికి అతి చేరువలో' అని వేయించాడు. అబద్ధమనలేం. అదే బ్రోషర్‌లో వెడల్పాటి రోడ్డు కూడా ఉంది, నేల మీదికి ఇంకా రాలేదు. ఓనరే ఉండకపోతే ఎవరు కొంటారని, మొదటి ఇల్లు తనే కట్టుకుని భార్యతో సహా దిగాడు. ఆ మట్టిదారి కోసం జీపును వేరే ఎవరి దగ్గరో ఎత్తు పెంచించి, బలమైన స్ప్రింగులు, ట్రాక్టరు చూసి కుళ్లుకునే టైర్లు, ముందు ఇనుప బంపరు, పైన ఇనుప చట్రం పెట్టించాడు. చూడ్డానికి పులిలా ఉంది. లోపల కూర్చుంటే పులి నమిలినట్టే ఉంది.

"ఎత్తు తగ్గొద్దు మేడం, టైర్లు గట్లనే ఉండాలె, కానీ లోపల కుదుపు రావొద్దు. మైలేజ్ కూడ పెరగాలె" అన్నాడు.

"ఇంకేమైనా?"

"అంతే మేడం. చిన్న పనే."

"వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"ఎవరు కూసుంటరు, దోస్తులు" అని నవ్వాడు. అప్పటిదాకా బండి దిగకుండా ఉన్న అతని భార్య సరిత అద్దం దించి, "నేను కూసుంటున్న" అంది. అతని నవ్వు ఆగిపోయింది.

మేడం వెళ్లి ఆమె పక్కన కూర్చుని తలుపు వేసుకున్నారు. సరితకు అప్పుడు ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. డాక్టర్ కుదుపులు వద్దన్నారు, కానీ చూపించుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్ రావాలంటే ఆ దారే. సగం దించిన అద్దంలోంచి సరిత మాట నాకు వినపడింది. "ఆంటీ, గా తొవ్వల పోయినప్పుడల్ల రెండు చేతులతోని కడుపు వట్టుకుంటున్న. మూడోసారి పోతే నేను మళ్ల లేవ." మేడం దిగి వచ్చారు. ఇనుప బంపరు నట్లు విప్పమని చేత్తో చూపించారు.

విప్పిన ఇనుమంతా ఒకచోట పెడితే ఇంకో చిన్న బండి అయ్యేలా ఉంది. పెంచిన ఎత్తును సగానికి తగ్గించి, మెత్తటి స్ప్రింగులు, వాటి స్వభావం తెలిసిన షాక్ అబ్జార్బర్లు, బురదలోనూ తారు మీదా నడిచే తేలికైన టైర్లు పెట్టాం. బరువు దిగేసరికి మైలేజ్ ఎవరూ పిలవకుండానే తిరిగొచ్చింది. బండి ఎత్తు పెంచడం ఎవరైనా చేస్తారు. ఆ ఎత్తు లోపలివాళ్ల నడుముకు తెలియకుండా చూడటమే కష్టం. అయితే నాకొక భయం పట్టుకుంది. మెత్తగా చేయడంలో మరీ కిందికి దించామా? వానాకాలంలో ఆ బురదలో బండి కడుపు ఆనిపోతే? అడిగాను. "నాకూ ఆ భయం ఉంది. ఉండనీ, జాగ్రత్తగా పనిచేస్తాం" అన్నారు మేడం. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో భయాన్ని పనిముట్ల పెట్టెలో పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు.

సామాను దొరికి పని పూర్తయ్యేసరికి నెలన్నర పట్టింది. బండి అప్పజెప్పాల్సిన రోజు పొద్దున్నించీ కుంభవృష్టి. నర్సింహ తడిసి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, మొహం ఎర్రగా చేసుకున్నాడు. "ఏంది మేడం గిది? నా పులిని పిల్లిని జేసిన్రు! గీ వానకు ఆడ మోకాలు లోతు బురద. ఇరుక్కుంటే ఎవరిది జిమ్మేదారి?"

"నాదే."

"మాటలు చెప్పుడు అల్కనే..." అంటుండగా అతని ఫోన్ మోగింది. సరితకు తోడుగా ఉంటున్న చిన్నమ్మ. అతను వింటూ వింటూ టూల్స్ బల్ల అంచు పట్టుకున్నాడు. నొప్పులు మొదలయ్యాయి. ఇంకా ఎనిమిదో నెల నిండలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే నీళ్లలో ట్రాఫిక్ ఆగి కదలడం లేదట. వచ్చినా మట్టిదారిలోకి దిగడం కుదరదు.

అతను తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. మేడం ముందే తీసుకున్నారు. "మీరు నడపొద్దండీ. చేతులు చూసుకోండి." చూసుకున్నాడు. వణుకుతున్నాయి. ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, నా చేతుల వంక కూడా చూసి, "నీవీ వణుకుతున్నాయి. కానీ నువ్వామె భర్తవి కాదుగా, పద" అన్నారు. బండి ఇంకా పన్ను పరీక్ష పాసవ్వలేదు.

తారురోడ్డు అయిపోయిన చోట ఆపమన్నారు. నాలుగు టైర్లలోంచీ గాలి సగానికి దగ్గరగా తీయించారు. టైరు కొంచెం చదునైతే బురద మీద పాదంలా పరుచుకుంటుంది, రాళ్లనూ తనే మింగుతుంది. నర్సింహ వానలో నిలబడి "జల్దీ, జల్దీ" అంటూనే ఉన్నాడు. తర్వాత మేడం వెనక సీట్లో కూర్చుని, ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నారు. ఈ సమయంలో పరీక్షేమిటని నాకు కోపం వచ్చింది. దారి పొడుగునా ఆవిడ తనలో తను గొణుక్కుంటున్నారు. "ఇక్కడ కుడివైపు రాయి... ఇది గట్టి నేల... ఇక్కడ జారుతోంది..." బండి కడుపు ఒకచోట బురదను రాసింది, ఆగలేదు.

ఇల్లు చేరాక నేనూ నర్సింహా సరితను పట్టుకుని వెనక పడుకోబెట్టాం. తల మేడం ఒళ్లో. చిన్నమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. బండి తిప్పాక నాకు మేడం గొణుగుడు అర్థమైంది. వచ్చిన దారినంతా ఆవిడ ఒంటితో బట్టీపట్టారు. "వేపచెట్టు దాటాక రాయి వస్తుంది, ఎడమకి... ఇప్పుడు నెమ్మది... ఇప్పుడు పోనీ." నేను రోడ్డు చూడటం మానేసి ఆవిడ మాట వింటూ నడిపాను. సరిత మూలుగు వినపడిన ప్రతిసారీ బ్రేకు మీదికి నా కాలు పోతోంది. "దానికి నువ్వు కారణం కాదు. నడుపు" అన్నారు మేడం.

వెంచర్ కమాను కట్టాల్సిన చోట బండి వెనకభాగం నెమ్మదిగా ఎడమకు జారడం మొదలెట్టింది. నర్సింహ గొంతు కీచుమంది. "తమ్మీ, ఎడమపక్క గుంత ఉన్నది! డ్రైనేజీ పైపుల కోసం తవ్వించిన, ఇంక పూడ్వలే! గ్యాస్ ఇయ్యి, గ్యాస్ ఇయ్యి!"

"ఇవ్వకు. స్టీరింగ్ కదపకు. అట్టే ఉంచు" అన్నారు మేడం.

ఏమీ చేయకుండా ఉండటం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు, అంతకుముందు కొన్నేళ్లు నేను అదే చేసినా సరే. అద్దంలో గుంత అంచు కనిపిస్తోంది, మట్టిపెళ్లలు అందులోకి రాలుతున్నాయి. టైరు జారుతూ జారుతూ అడుగున గట్టి నేల తగిలి, బండి ఒక చిన్న నిట్టూర్పులా ముందుకు కదిలింది. నర్సింహ ఏ దేవుడి పేరు చెప్పాడో నాకు వినపడలేదు. గుంత తవ్వించిందీ అతనే కాబట్టి ఏ దేవుడికి చెప్పుకున్నా కొంచెం ఇబ్బందే.

తారురోడ్డు ఎక్కగానే నేను గేరు మార్చబోతే, "ఆపు. పంపు తీయి. గాలి కొట్టు" అన్నారు మేడం.

నర్సింహ వెనక్కి తిరిగాడు. ఆ చూపులో కొట్టేసేంత కోపం ఉంది. "నా భార్య గిట్ల కొట్టుకుంటుంటే ఈడ ఆపి గాలి కొడ్తరా? మనుషులేనా మీరు? తమ్మీ, పోనియ్యి!"

"గాలి తక్కువ టైర్లతో తారు మీద వేగంగా పోతే బండి ఊగుతుంది. మలుపులో టైరు రిమ్ము వదిలేసిందంటే అందరం పడతాం. ఈ టైర్లతో నెమ్మదిగా పోవడం కంటే, ఇక్కడ ఆగి వేగంగా పోవడమే త్వరగా చేరడం" అన్నారు, తరగతిలో చెప్పినట్టు.

"నాకు లెక్కలు చెప్పకున్రి!"

అప్పుడు వెనక సీట్లోంచి సరిత, పళ్లు బిగించి, "కొట్టనియ్యి. నువ్వు జర నోరు మూస్కో. మోసేది నేను" అంది.

నేను దిగాను. బండి బ్యాటరీకి తగిలించే ఆ చిన్న పంపు రోడ్డు మీద తకతకా ఆడటం మొదలెట్టింది. ఒక్కో టైరు దగ్గర కూర్చుని పంపు మీది ముల్లు పైకి పాకడం చూస్తున్నాను. నర్సింహ తిట్టడం మానేసి, నా వెనకే నిలబడి, కొంతసేపటికి తన రుమాలుతో నా కళ్లలోకి కారుతున్న వాననీళ్లు తుడిచాడు. అది క్షమాపణ అనుకోను. త్వరగా కానిమ్మనడమే. చివరి టైరు దగ్గర నా వేళ్లు తొందరపడి పంపు గొట్టం జారిపోయి, నింపిన గాలి కొంత బయటికి పోయింది. మేడం అద్దం దించి, "పర్లేదు. మళ్లీ పెట్టు" అన్నారు. ఆ స్వరంలో తొందరగానీ విసుగుగానీ లేదు. తర్వాత చూశాను, ఆవిడ కింది పెదవి మీద రక్తపు చార ఉంది. లోపలినుంచి కొరుక్కుంటున్నారు.

కర్మన్‌ఘాట్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు ఎలా చేరామో నాకు సరిగ్గా గుర్తులేదు. బండి ఎక్కడా ఊగలేదన్నది మాత్రం గుర్తుంది. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. అరచేయంత పిల్ల, అద్దాల పెట్టెలో. పిల్లా తల్లీ గట్టెక్కుతారని డాక్టర్ చెప్పేదాకా మేడం వరండాలో నిలబడే ఉన్నారు. వెనక సీట్లో అంతసేపు ఒకే భంగిమలో ఉన్నందుకు నడుము పట్టేసి, కూర్చుంటే లేవలేనని. నర్సింహ వచ్చి పక్కన నిలబడ్డాడు. "మేడం, గా గాలి కొట్టుడు నిజంగ జరూరేనా? కొట్టకపోతే రాకపోదుమా?"

"తెలీదండీ. వచ్చేవాళ్లమేమో."

అతను తలెత్తాడు. "మరి?"

"వచ్చేవాళ్లమేమో అనుకునే బండిలో నిండు గర్భిణిని కూర్చోబెట్టలేను."

వానలు వెనకబట్టగానే నర్సింహ కమాను పని ఆపించి, ఆ డబ్బుతో ముందు గుంత పూడ్పించి, రోడ్డు వేయించాడు. ఇక ఆ దారికి మా బండి అక్కర్లేదు, మామూలు కారు చాలు. ఒక వర్క్‌షాప్‌కు ఇంతకంటే నష్టదాయకమైన విజయం ఉండదని మేడంతో అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వారు. పన్ను కదిలిందని చేయి అడ్డం పెట్టుకున్నారు.

మేడం పోయిన వేసవిలో కన్నుమూశారు. షెడ్డు ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆవిడ నాకు స్ప్రింగుల గురించి చాలా చెప్పారు, అవి పుస్తకాల్లోనూ ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఒకటే నాకు మిగిలింది. ఎవరైనా పక్కన నిలబడి అరిచి తొందరపెడితే, నా చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి. గుండె మాత్రం దాని పాటికి అది పరిగెడుతూనే ఉంటుంది, దాన్ని ఆవిడా ఆపలేకపోయారు. మొన్న కరెంటు పోయి, వంటింట్లో గ్యాస్ వాసన వస్తోందని మా ఆవిడ కేకలు పెడుతుంటే, నేను చెప్పులేసుకుని, ఒక్కో కిటికీ తెరిచి, రెగ్యులేటర్ తిప్పి, మళ్లీ ఒకసారి చూసుకుని బయటికొచ్చాను. "ఇంత బద్ధకం మనిషిని ఎక్కడా చూడలే" అంది ఆమె. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను, అవి వణకడం అప్పుడే మొదలైంది.